ఆడవాళ్ల ప్లేట్‌లెట్లు, మగవాళ్ల మోతాదులు

డెంగీ పుణ్యమా అని తెలుగునాట ప్లేట్‌లెట్ల మాట తెలియని ఇల్లు లేదు. వానలు మొదలయ్యాక నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు ఏ ల్యాబు ముందు నిలబడినా వినపడే ప్రశ్న ఒకటే: "కౌంటెంత వచ్చింది?" లక్షన్నర దాటితే ఊపిరి పీల్చుకుంటారు. యాభై వేలకు దిగితే విజయవాడ బండి ఎక్కుతారు. ఈ హడావుడిలో ప్లేట్‌లెట్లంటే లెక్క అనే అభిప్రాయం మనలో నాటుకుపోయింది. అవి ఎన్ని ఉన్నాయన్నది ఒక సంగతి. ఒక్కొక్కటి ఎంత తొందరగా రెచ్చిపోయి పక్కదాన్ని అంటుకుంటుందన్నది వేరే సంగతి. గుండె జబ్బు ఉన్న మనిషి ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఈ రెండోదే. ఆ చురుకుదనంలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా ఉందా, ఉంటే మందు మార్చాలా అన్నది యాభై ఏళ్లుగా నలుగుతున్న చర్చ.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తేడా ఉంది. అయితే గుండె జబ్బు వచ్చిన ఆడవాళ్లకు వైద్యంలో జరుగుతున్న నష్టాన్ని ఆ తేడా నెత్తిన రుద్దడం సరికాదు. నష్టం చాలావరకు ప్లేట్‌లెట్ బయటే జరుగుతోంది.

ప్లేట్‌లెట్లు పూర్తి కణాలు కావు. ఎముక మజ్జలో ఉండే పెద్ద కణాల నుంచి తెగిపడిన తునకలు. వాటికి కేంద్రకం ఉండదు కాబట్టి పాడైన ఎంజైమును మళ్లీ తయారుచేసుకునే శక్తి దాదాపు లేదు. ఏడు నుంచి పది రోజులు బతుకుతాయి. గుండెకు రక్తం ఇచ్చే నాళంలో కొవ్వు పేరుకున్న చోట లోపలి పొర చిట్లితే అవి అక్కడ అతుక్కుంటాయి. ఆకారం మార్చుకుని, తమలో దాచుకున్న రసాయనాలు వదిలి, మిగతా ప్లేట్‌లెట్లను పిలుస్తాయి. వేలు తెగినప్పుడు ప్రాణం నిలిపే పని ఇదే. మూడు మిల్లీమీటర్ల నాళంలో జరిగితే గుండెపోటు.

ఆ పిలుపునిచ్చే రసాయనాల్లో ముఖ్యమైనది ఏడీపీ. దీని వెనక మన పక్క జిల్లా మనిషి ఒకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు ఊడితే మిగిలేదే ఏడీపీ. ఎర్రకణాల నుంచి వచ్చే ఏడీపీ ప్లేట్‌లెట్లకు జిగురు తెప్పిస్తుందని 1961లో నార్వే పరిశోధకులు తేల్చారు. మరుసటి ఏడాది లండన్‌లో గుస్తావ్ బోర్న్ ఆ అతుక్కోవడాన్ని కాంతితో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ప్లేట్‌లెట్లున్న ద్రవం మసకగా ఉంటుంది. అవి గుంపు కట్టేకొద్దీ ద్రవం తేటపడి, దాని గుండా వెలుగు ఎక్కువగా పోతుంది. ఈరోజు స్టెంట్ వేయించుకున్నవాళ్లు మింగే క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ బిళ్లలు పనిచేసేది ప్లేట్‌లెట్ మీద ఏడీపీ వచ్చి తగిలే చోటే. సుబ్బారావు ఇవేవీ చూడలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే గుండె ఆగి పోయారు.

బోర్న్ పద్ధతి చేతికి వచ్చాక, ఆడ మగ రక్తాన్ని పక్కపక్కన పెట్టి చూడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1975లో 'నేచర్' పత్రికలో జాన్సన్, రేమీ, రామ్‌వెల్ అనే ముగ్గురు ఒక చిన్న వ్యాసం రాశారు. రెచ్చగొట్టే రసాయనం అంతే మోతాదులో వేసినా ఆడవాళ్ల ప్లేట్‌లెట్లు ఎక్కువగా గుంపు కడుతున్నాయన్నది దాని సారం. 1997లో ఫారడే, బ్రే బృందం ఇంకొంచెం లోపలికి వెళ్లింది. ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకునేది ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ద్వారా. దాన్ని అందుకునే గ్రాహకం ఆడవాళ్ల ప్లేట్‌లెట్లలో ఎక్కువగా తెరుచుకుంటోందని వాళ్లు చూపించారు. 2000లో ప్లేట్‌లెట్లలో ఈస్ట్రోజెన్ గ్రాహకం ఒక రకమూ, మగ హార్మోన్ల గ్రాహకమూ రెండూ ఉన్నాయని తేలింది. అంటే హార్మోన్లు వీటితో నేరుగా మాట్లాడగలవు. ఏం మాట్లాడతాయో మాత్రం తేలలేదు. టెస్టోస్టిరాన్ ఇచ్చిన మగవాళ్లలోనూ ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టే ఒక గ్రాహకం పెరిగినట్టు 1995లోనే కనిపించింది. ఆడ హార్మోను చెడ్డది, మగ హార్మోను మంచిది అనో, దానికి తిరగేసో చెప్పడానికి వీల్లేదు.

నెలసరి ఆగిన తర్వాత హార్మోన్ బిళ్లలిస్తే గుండె బాగుంటుందన్న నమ్మకానికి గట్టి దెబ్బ 1998లో తగిలింది. అప్పటికే గుండె జబ్బున్న 2,763 మంది స్త్రీల మీద అమెరికాలో జరిగిన పరీక్షలో నాలుగేళ్లు దాటినా లాభం కనపడలేదు. మొదటి ఏడాది గుండెపోట్లు పెరిగాయి కూడా. కాళ్ల సిరల్లో, ఊపిరితిత్తుల్లో గడ్డలు ఎక్కువయ్యాయి.

ఈ విషయంలో అందరూ ఉదహరించే పని 2006లో వచ్చింది. జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన డయాన్ బెకర్ బృందం, చిన్న వయసులోనే గుండె జబ్బు వచ్చినవాళ్ల కుటుంబాల నుంచి 571 మంది మగవాళ్లను, 711 మంది ఆడవాళ్లను తీసుకుంది. రోజుకు 81 మిల్లీగ్రాముల యాస్పిరిన్ రెండు వారాలు ఇచ్చి, ముందూ తర్వాతా కొలిచింది. మందుకు ముందు చాలా పరీక్షల్లో ఆడవాళ్ల ప్లేట్‌లెట్లే చురుకు. మందు తర్వాత ఇద్దరిలోనూ చురుకు పడిపోయింది. అయినా ఆడవాళ్లలో కొంచెం ఎక్కువ మిగిలింది. ఇక్కడిదాకా పత్రికలు రాశాయి. రాయాల్సిన ఇంకో ముక్క ఉంది. యాస్పిరిన్ నేరుగా మూసేది కాక్స్-1 అనే ఎంజైమును. ఆ దారిని మాత్రమే కొలిచే పరీక్షలో ఆడా మగా ఇద్దరిలోనూ అది దాదాపు పూర్తిగా మూసుకుపోయింది. అంటే మందు చేయాల్సిన పని చేసింది. మిగిలిన చురుకు వేరే దారులది. ఈ ఒక్క ముక్క వదిలేస్తే "ఆడవాళ్లకు యాస్పిరిన్ పనిచేయదు" అనే వాక్యం పుడుతుంది. పుట్టింది కూడా.

కొలతలోనూ ఒక చిక్కు ఉంది. అది మన ఆడవాళ్లకు మరీ ఎక్కువగా వర్తిస్తుంది. రక్తంలో ఎర్రకణాల వాటా తగ్గితే, అదే గొట్టంలో ప్లాస్మా పెరుగుతుంది. క్లోపిడోగ్రెల్ పనిచేస్తోందా లేదా చూసే వెరిఫైనౌ లాంటి యంత్రాల్లో, రక్తం తక్కువగా ఉన్న మనిషికి అంకె ఎక్కువగా వస్తుందని ఎన్నో పరిశోధనలు చూపించాయి. ప్లేట్‌లెట్ నిజంగా చురుగ్గా లేకపోయినా ఉన్నట్టు కనపడుతుందన్నమాట. ఆడవాళ్లలో ఎర్రకణాల వాటా ఎలాగూ తక్కువే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. దీనికి తోడు ఇనుము లోపిస్తే ప్లేట్‌లెట్ల సంఖ్య పెరగడం వైద్యులకు తెలిసిన విషయమే. మనదగ్గర ఎవరైనా ఆడవాళ్ల ప్లేట్‌లెట్లు చురుకని అంకె చూపిస్తే, దాని పక్కనే హిమోగ్లోబిన్ ఎంతో అడగాలి. అది లేని పట్టిక నా దృష్టిలో సగం పట్టికే.

ఇప్పుడు మందుల పరీక్షల వైపు వద్దాం. ఈ కథ మొదటి నుంచీ మగవాళ్లతోనే నడిచింది. కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో లారెన్స్ క్రేవెన్ అనే మామూలు ప్రాక్టీసు డాక్టరు ఉండేవారు. టాన్సిల్స్ తీయించుకున్న పిల్లలు యాస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ నమిలితే రక్తం ఎక్కువగా కారడం గమనించారు. యాస్పిరిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదేమో, అలాగైతే గుండెపోటునూ ఆపుతుందేమో అనుకున్నారు. 1950లో 400 మందికి ఇచ్చానని రాశారు, 1956 నాటికి 8,000 మంది అన్నారు. అందరూ మగవాళ్లే. పోల్చి చూడటానికి మందివ్వని గుంపు లేదు, ఎవరూ పట్టించుకోలేదు. 1957లో ఆయనే గుండెపోటుతో పోయారు. యాస్పిరిన్ ఎలా పనిచేస్తుందో జాన్ వేన్ 1971లో చెప్పాకే ఆయన ఊహకు పునాది దొరికింది.

1978లో కెనడాలో 585 మంది మీద జరిగిన పరీక్ష ఆడవాళ్లను ఇరవై ఏళ్లు వెనక్కి నెట్టింది. తాత్కాలికంగా పక్షవాతం లక్షణాలు వచ్చి తగ్గినవాళ్లకు యాస్పిరిన్ ఇచ్చారు. మగవాళ్లలో పక్షవాతం, మరణం కలిపి 48 శాతం తగ్గాయి. ఆడవాళ్లలో లాభం కనపడలేదు. పరీక్షలో ఆడవాళ్లు తక్కువ, వాళ్లలో జబ్బు తిరగబెట్టిన సందర్భాలు ఇంకా తక్కువ. అంత చిన్న సంఖ్యలో లాభం కనపడకపోవడం వేరు, లాభం లేకపోవడం వేరు. అయినా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1980లో ఈ అవసరానికి యాస్పిరిన్‌ను మగవాళ్లకే ఆమోదించింది. ఆడవాళ్లకూ వర్తిస్తుందని మార్చింది 1998లో.

గుంపును ముక్కలు చేసి చూసినప్పుడు ఎంత మోసం జరగవచ్చో తెలియాలంటే ఐసిస్-2 పరీక్ష చూడాలి. 1988లో అచ్చయింది. గుండెపోటు అనుమానంతో వచ్చిన 17,187 మంది అందులో ఉన్నారు. యాస్పిరిన్ వెంటనే మొదలుపెట్టి నెలపాటు ఇస్తే అయిదు వారాల్లో మరణాలు 23 శాతం తగ్గాయి. ఆడ, మగ, ముసలి, పడుచు అంటూ విడగొట్టి చెప్పమని పత్రిక సంపాదకులు పట్టుబట్టారు. పరిశోధకులు సరేనని, దానితోపాటు రోగులు పుట్టిన రాశుల వారీగా కూడా విడగొట్టి ఇచ్చారు. మిథునం, తుల రాశుల్లో పుట్టినవాళ్లకు యాస్పిరిన్ పనిచేయనట్టు వచ్చింది! పంచాంగం చూడనిదే పెళ్లిచూపులకైనా కదలని మనం ఈ ఫలితాన్ని ఆదరించి ఉండేవాళ్లమేమో గానీ, వాళ్లు దాన్ని వెక్కిరింతగానే పెట్టారు. తగినన్ని ముక్కలు చేస్తే ఏదో ఒక ముక్కలో మందు విఫలమైనట్టు కనిపించి తీరుతుంది.

ఆడవాళ్ల విషయంలో అన్నీ అలాంటి ముక్కలే అనను. జబ్బు లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా యాస్పిరిన్ ఇచ్చిన రెండు పెద్ద పరీక్షలు పక్కపక్కన పెడితే ఆశ్చర్యంగా ఉంటుంది. అమెరికాలో 22,071 మంది మగ డాక్టర్లు రోజు విడిచి రోజు 325 మిల్లీగ్రాములు మింగారు. గుండెపోట్లు 44 శాతం తగ్గాయి. 2005లో వచ్చిన స్త్రీల పరీక్షలో 39,876 మంది రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాములు పదేళ్లు మింగారు. గుండెపోట్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. పక్షవాతం 17 శాతం తగ్గింది. 2006లో ఆరు పరీక్షలను, 95 వేల మందిని కలిపి చూసినా ఇదే తీరు: మగవాళ్లకు గుండెలో లాభం, ఆడవాళ్లకు మెదడులో. కానీ మోతాదులు వేరు, కాలాలు వేరు, ఆ వయసు స్త్రీలలో గుండెపోట్లే తక్కువ. 2009లో పరీక్షలన్నిటి మూల లెక్కలూ కలిపిన అంతర్జాతీయ బృందం ఈ ఆడ మగ తేడా అంత గట్టిది కాదని తేల్చింది. మనకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చినవాళ్లలో యాస్పిరిన్ ఆ ప్రమాదాన్ని ఇంచుమించు అయిదో వంతు తగ్గించింది, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా అంతే. జబ్బు లేని ఆడవాళ్ల మీద వచ్చిన ఫలితాన్ని జబ్బున్న ఆవిడకు అంటగట్టి మాత్ర మాన్పించడం దారుణం.

2018లో పీటర్ రాత్‌వెల్ బృందం ఇంకో కోణం చూపించింది. ముందుజాగ్రత్త పరీక్షల్లో 75 నుంచి 100 మిల్లీగ్రాముల చిన్న మోతాదు 50 నుంచి 69 కిలోల మనుషుల్లోనే బాగా పనిచేసింది. 70 దాటితే లాభం సన్నగిల్లింది. ఆడ మగ తేడాగా కనపడినదాంట్లో కొంత ఒంటి బరువు తేడా అన్నమాట. ఇది ఇంకా వాదంలో ఉన్న విషయమే. 2021లో అప్పటికే గుండె జబ్బున్న 15,076 మందిలో 81, 325 మిల్లీగ్రాములను పోల్చిన అడాప్టబుల్ పరీక్షలో రెంటికీ తేడా రాలేదు. ఆడవాళ్ల ప్లేట్‌లెట్లు చురుకు కాబట్టి పెద్ద బిళ్ల వేయాలన్న వాదనకు ఇందులో ఆసరా ఏమీ లేదు. మామిడి తోటల్లో కూలికి వెళ్లే 48 కిలోల మనిషికి 75 మిల్లీగ్రాముల మాత్ర చిన్నదేమీ కాదు.

క్లోపిడోగ్రెల్ సంగతి కొంచెమే చెప్పుకోవాలి. అయిదు పరీక్షల్లోని 79,613 మందిని కలిపి చూస్తే మగవాళ్లలో ప్రమాదం 16 శాతం, ఆడవాళ్లలో 7 శాతం తగ్గింది. తేడా పెద్దదిగా అనిపిస్తుంది. గణాంకాల లెక్కలో అది యాదృచ్ఛికం కూడా కావచ్చు. మనవాళ్లకు ఇక్కడ ఆడ మగ కంటే పెద్ద గీత ఇంకొకటి ఉంది. క్లోపిడోగ్రెల్ కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైము చేతిలో మారితే గాని పనిచేయదు. ఆ ఎంజైమును మొద్దుబార్చే జన్యు రూపం దక్షిణాది జనంలో సుమారు మూడో వంతు జన్యు ప్రతుల్లో ఉందని పుదుచ్చేరి జిప్‌మర్ పరిశోధకులు ఆంధ్రులను కూడా కలుపుకుని 2005లో లెక్క తేల్చారు. యూరప్‌లో ఇది దాదాపు సగమే. ఈ గీత భార్యాభర్తలను వేరు చేయదు. టికాగ్రెలార్‌కు ఆ ఎంజైముతో పని లేదు. 18,624 మంది మీద జరిగిన ప్లేటో పరీక్షలో దాని లాభం ఆడవాళ్లలోనూ మగవాళ్లలోనూ ఒకేలా ఉంది.

ఇక అసలు చిక్కుముడి. అడాప్ట్-డెస్ అనే పరిశీలన స్టెంట్లు వేయించుకున్న 8,500 మందికి పైగా రోగులను వెంబడించింది. క్లోపిడోగ్రెల్ మీద ఉన్నా ఆడవాళ్ల ప్లేట్‌లెట్ల చురుకు అంకె ఎక్కువగానే వచ్చింది. మరి ప్లేట్‌లెట్లు అంత అంటుకునేవైతే, వాళ్ల స్టెంట్లు ఎక్కువగా మూసుకుపోవాలి, రక్తస్రావం తక్కువ కావాలి. జరిగింది అది కాదు. స్టెంట్లు మూసుకుపోవడంలో ఇద్దరికీ పెద్ద తేడా రాలేదు. రక్తస్రావం ఆడవాళ్లకే ఎక్కువైంది. పరీక్షనాళికలో చురుకు, మంచం మీద రక్తస్రావం! ప్లేట్‌లెట్ ఒక్కటే కథ నడిపిస్తుంటే ఇలా జరగదు.

ఎక్కడ తేడా వచ్చిందో చూపించే ఉదాహరణ ఫైబ్రినోజెన్ గ్రాహకాన్ని మూసే ఇంజెక్షన్లది. అవి ప్లేట్‌లెట్ల ఆఖరి మెట్టునే బంధిస్తాయి. 2002లో ఆరు పరీక్షలను, 31,402 మందిని కలిపి చూస్తే మగవాళ్లకు మేలు, ఆడవాళ్లకు కీడు జరిగినట్టు వచ్చింది. హార్మోన్ల మీద ఊహాగానాలు బయల్దేరేలోపు అదే బృందం ఇంకో పని చేసింది. రక్తంలో ట్రోపోనిన్ పెరిగినవాళ్లను, అంటే గుండె కండరం నిజంగా దెబ్బతిన్నవాళ్లను, విడిగా చూసింది. ఆడా మగా తేడా మాయమైంది. ఆడవాళ్లలో చాలామందికి అసలు అలాంటి గుండెపోటు రాలేదు, అయినా ఆ బలమైన ఇంజెక్షన్ ఇచ్చారు. దాంతో లాభం లేకుండా రక్తస్రావమే మిగిలింది.

2006లో అమెరికా ఆసుపత్రుల్లోని 32,601 మంది రోగుల వివరాలను క్రూసేడ్ బృందం తిరగేసింది. ఈ ఇంజెక్షన్ తీసుకున్న ఆడవాళ్లలో 46 శాతం మందికి, మగవాళ్లలో 17 శాతం మందికి ఉండాల్సినదానికంటే ఎక్కువ మోతాదు పడింది. ఆడవాళ్ల పెద్ద రక్తస్రావాల్లో నాలుగో వంతు ఆ అదనపు మోతాదు వల్లేనని అంచనా. ఎవరూ కావాలని చేసింది కాదు. మోతాదును మూత్రపిండాల పనితీరును బట్టి తగ్గించాలి. వయసు మళ్లిన, తేలికైన ఆడమనిషిలో ఆ పనితీరు ఎంత తక్కువో పైకి తెలియదు.

ఇది మనదగ్గర లెక్క వేసి చూద్దాం. ఇద్దరికీ 70 ఏళ్లు. ఇద్దరి రిపోర్టులోనూ మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ 1.0, పక్కన 'నార్మల్' అని ఉంది. ఆయన 70 కిలోలు, ఆవిడ 45 కిలోలు. డాక్టర్లు వాడే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం ప్రకారం ఆయన మూత్రపిండాలు నిమిషానికి 68 మిల్లీలీటర్లు వడకడుతున్నాయి. ఆవిడవి 37. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సపారిన్ లాంటి ఇంజెక్షన్లు బరువును బట్టి ఇవ్వాలి, వడకట్టే శక్తి 30కి దిగితే సగానికి తగ్గించాలి. క్లోపిడోగ్రెల్ లాంటిదే అయిన ప్రాసుగ్రెల్ 60 కిలోల లోపు వాళ్లకు సగం బిళ్ల. రిపోర్టులో నార్మల్ అని చూసి ఇద్దరికీ ఒకే చీటీ రాస్తే, తేడా ప్లేట్‌లెట్‌ది కాదు, చీటీది.

గుండెపోటు పుట్టే తీరులోనూ తేడా ఉంది. ఇది నిజంగా ఆసక్తికరమైన భాగం, పరిశోధన ఎక్కువ జరగాల్సిన చోటు కూడా. మగవాళ్లలో ఎక్కువగా కొవ్వు గడ్డ పగిలి లోపలి సరుకు రక్తంలోకి వస్తుంది. ఆడవాళ్లలో, అందులోనూ నెలసరి ఇంకా ఆగనివాళ్లలో, గడ్డ పగలకుండానే పై పొర గీసుకుపోయినట్టు అరిగి, దాని మీద ప్లేట్‌లెట్లు పేరుకునే రకం ఎక్కువ. గుండెపోటుతో చనిపోయిన 298 మంది గుండెలను ఇటలీలో పరిశీలిస్తే, అరుగుదల రకం స్త్రీలలో 37 శాతం, పురుషులలో 18 శాతం ఉంది. ఈ రకం గడ్డలో ఫైబ్రిన్ దారాల కంటే ప్లేట్‌లెట్లదే పెద్ద వాటా. అలాంటివాళ్లలో కొందరికి స్టెంట్ లేకుండా ప్లేట్‌లెట్ల మందులతోనే సరిపెట్టవచ్చని 2017లో చైనా నుంచి ఒక చిన్న పరిశీలన వచ్చింది. ప్లేట్‌లెట్ చురుకుదనంలోని ఆడ మగ తేడాకు వైద్యంలో ఏదైనా ఉపయోగం దొరికితే ఇక్కడే దొరుకుతుందని నా అంచనా. దానికి రక్తనాళంలోకి కెమెరా లాంటి తీగ పంపి చూడాలి. అది జిల్లా ఆసుపత్రి స్థాయిలో ఉండే పని కాదు.

మన పల్లెల్లో గుండె జబ్బు పట్నపు జబ్బు కాదని ఇరవై ఏళ్ల కిందటే తేలింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, ఒక లక్షా 80 వేల మంది జనాభాలో, ఏడాదిపాటు జరిగిన ప్రతి చావుకూ కారణం ఏమిటని ఇంటింటికీ వెళ్లి అడిగారు. 32 శాతం చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారిన నూజివీడు, ఇప్పుడు ఆ పాత పశ్చిమ గోదావరి పల్లెలు కొన్నిటితో ఒకే జిల్లాలో ఉంది. ఇక్కడ వరి చేలకు బదులు రసాలు, బంగినపల్లి, కలెక్టరు మామిడి తోటలు. మనుషుల ఒంట్లో తేడా ఉంటుందనుకోను. స్త్రీలకు మొదటి గుండెపోటు మగవాళ్ల కంటే సగటున తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుందని 52 దేశాల ఇంటర్‌హార్ట్ పరిశీలన చెప్పింది. ఆ ఆలస్యమే ఆడవాళ్లకు గుండెపోటు రాదన్న భ్రమకు మూలం. ఆయాసం, వాంతి, దవడలో లాగుడు, వీపు పట్టేయడం వస్తే "గ్యాస్ పట్టిందమ్మా, సోడా తాగు" అంటారు. సీజన్‌లో అయితే కాయ కోతకు వెళ్లి వచ్చాక చూద్దామంటారు.

ఇంకోటి కూడా ఉంది. తోట పనికి, ఇంటి పనికి మధ్య నడుములు, మోకాళ్లు పోయిన ఆడవాళ్లు నొప్పి బిళ్లల మీదే బండి లాగిస్తుంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవో, మందుల షాపులో అడిగి కొన్నవో. వాటిలో ఐబుప్రొఫెన్ ఉంటే అది యాస్పిరిన్ కంటే ముందు వెళ్లి కాక్స్-1 గుమ్మంలో కూర్చుంటుంది, యాస్పిరిన్‌ను లోపలికి రానివ్వదు. 2001లో ఇది ప్రయోగంలో రుజువైంది. ఐబుప్రొఫెన్ ప్రభావం కొన్ని గంటలే. యాస్పిరిన్ మాత్రం ఒంట్లో నిమిషాల్లో కరిగిపోయి, తలుపు దొరక్క వృథా అవుతుంది. ఆ రోజు పరీక్ష చేస్తే ఆవిడ ప్లేట్‌లెట్లు "యాస్పిరిన్‌కు లొంగనివి"గా కనపడతాయి. డైక్లోఫెనాక్‌కు ఈ అడ్డుపడే గుణం ఆ ప్రయోగంలో కనపడలేదు గానీ, గుండెకు అదీ మంచిది కాదు. రెండూ కడుపులో పుండ్లు చేసి, ఉన్న రక్తహీనతను ఇంకా పెంచుతాయి.

మామిడి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. రక్తాన్ని పలచబరిచే బిళ్లలన్నీ ఒకటే అనుకుంటాం. కీళ్లవాతంతో కవాటం పాడై, మార్పించుకున్నవాళ్లు వేసుకునే వార్ఫరిన్ ప్లేట్‌లెట్ల మందు కాదు. గడ్డకట్టించే ప్రోటీన్ల తయారీని తగ్గించేది. ఈ కీళ్లవాతపు గుండె జబ్బు పెద్దల్లో ఆడవాళ్లకే ఎక్కువ. వార్ఫరిన్ మీద ఉన్న 13 మంది మామిడిపళ్లు బాగా తిన్నాక వాళ్ల ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకె) సగటున 38 శాతం పెరిగిందని 2002లో ఒక చిన్న నివేదిక వచ్చింది. 13 మందితో సూత్రం చేయలేం. కానీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు పూటలా రసం పిండుకునే ఊళ్లలో, ఆ మూడు నెలలూ ఐఎన్ఆర్ ఇంకొకసారి చూపించుకోమనడానికి అది చాలు. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్లకు ఈ హెచ్చరిక వర్తించదు. పళ్లు మానేయనక్కర్లేదు, షుగరు ఉంటే ఆ లెక్క వేరు.

కొత్త పరీక్షలేమైనా దారి చూపిస్తున్నాయా? చూపిస్తున్నాయి. స్టెంట్ తర్వాత మూడు నెలలు రెండు మందులూ ఇచ్చి, ఆ పైన యాస్పిరిన్ ఆపేసి టికాగ్రెలార్ ఒక్కటే కొనసాగిస్తే ఏమవుతుందని ట్విలైట్ పరీక్ష చూసింది. 7,119 మంది. రక్తస్రావం తగ్గింది, గుండెపోట్లు పెరగలేదు. ఆడవాళ్లలోనూ అదే ఫలితం. ప్లేట్‌లెట్ చురుకని మందు పెంచే దారి కంటే, రక్తస్రావం ఎక్కువని అక్కర్లేని మందు తీసేసే దారి ఆడవాళ్లకు మేలు చేస్తున్నట్టుంది. యాంజియోగ్రామ్ తొడ నుంచి కాకుండా మణికట్టు నుంచి చేయడం కూడా అలాంటిదే. అయితే ట్విలైట్‌లో కూడా ఆడవాళ్లు నలుగురిలో ఒకరే. గుండె మందుల పరీక్షల్లో ఈ వాటా దశాబ్దాలుగా పెద్దగా కదలలేదు.

గుండెపోటు వచ్చిన తొలి గంటల్లో గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇప్పుడు పెద్దాసుపత్రుల నుంచి దిగి, ఏరియా ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే దాకా వచ్చింది. ఇది మేలైన మార్పు. ఈసీజీ తీసి, దూరంగా ఉన్న గుండె డాక్టరుకు పంపి, ఆయన సరేనంటే అక్కడే ఇచ్చేస్తారు. దాని మోతాదు పూర్తిగా బరువు మీద నడుస్తుంది. 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, 60 నుంచి 69 వరకు 35, అలా పదేసి కిలోలకు అయిదేసి పెరుగుతూ 90 దాటితే 50. డెబ్బై అయిదేళ్లు దాటినవాళ్లకు సగం చాలని 2013 నాటి స్ట్రీమ్ పరీక్ష తర్వాత పాటిస్తున్నారు. గుండెనొప్పితో స్ట్రెచర్ మీద వచ్చిన మనిషిని లేపి తూకం మిషను మీద నిలబెట్టరు. "ఎంత బరువుంటారు?" అని పక్కనున్నవాళ్లను అడుగుతారు. మగాయన తన బరువు చెప్పగలడు, లారీ కాటా దగ్గర ఎప్పుడో చూసుకునే ఉంటాడు. ఆవిడ ఆఖరుసారి తూకం చూసుకున్నది కాన్పుకు ముందు. కొడుకు అరవై అంటాడు, కోడలు యాభై అంటుంది. ఆ రెండు అంకెల మధ్యే 35కూ 30కీ మధ్య గీత ఉంది.